ఆకస్మిక మరణం: "హార్ట్ ఎటాక్" అనేముందు మన ఇళ్లలో తెలియవలసిన సంగతులు

"రాత్రి మంచిగనే తిని పడుకున్నడు, తెల్లారి లేవలేదు." భివండీ తెలుగు ఇళ్లలో ఈ మాట వినని ఏడాది ఉండదు. కాశేలి గోదాముల్లో హమాలీ పనికి పోయే మనిషి కావచ్చు, సాంచాల మీద నైట్ పాళీ చేసి వచ్చిన కుర్రవాడు కావచ్చు, పొద్దున చాయ్ తాగి మంచం మీద ఒరిగిన పెద్దాయన కావచ్చు. ఆ మాట వెనకే రెండో మాట వస్తుంది: "హార్ట్ ఎటాక్." ఎవరు చెప్పారు, ఏం చూసి చెప్పారు అని అడిగేవారుండరు. మధ్యాహ్నానికి దహనం అయిపోతుంది, లేదంటే అంబులెన్సు ఊరి దారి పడుతుంది.

అలాంటి కుటుంబాలు మా సంఘం దగ్గరికి ఆ రోజు రావు. ఐదారు నెలలు గడిచాక వస్తాయి, చేతిలో ఒక్క మరణ ధ్రువపత్రంతో. బ్యాంకులో బీమా డబ్బు ఆగిందనో, సేఠ్ పరిహారం ఇవ్వనంటున్నాడనో, అత్తింటివాళ్లు కోడలి మీద అనుమానం పెట్టుకున్నారనో చెబుతారు. పనిచేసినన్నాళ్లూ ఫైళ్ల మధ్య గుమాస్తాగిరీ చేసినవాళ్లం కాబట్టి మేము ముందు కాగితమే చూస్తాం. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, మరణ ధ్రువపత్రంలో మరణ కారణం ఉండదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోనే, ఇచ్చే నకలులో కారణం బయటపెట్టకూడదని రాసి ఉంది. కారణం రాసిన కాగితం వేరే ఉంటుంది. ఆ రోజు దాన్ని పుట్టించకపోతే తర్వాత పుట్టదు. అందుకే డాక్టర్లు, పోలీసులు ఆకస్మిక మరణాన్ని ఎలా చూస్తారో మన భాషలో ఒక్కచోట రాసి పెడుతున్నాం.

ఏది ఆకస్మికం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, లక్షణాలు మొదలైన 24 గంటల లోపల ప్రాణం పోతే అది ఆకస్మిక మరణం. గుండె డాక్టర్లు ఇంకా బిగించి ఒక గంట అంటారు. ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరి 21న హైదరాబాద్‌లో 50 ఏళ్ల వయసులో పోయారు. దుబాయ్ నుంచి తిరిగి వచ్చాక ఇంట్లో కుప్పకూలారు. అది ఈ లెక్కలోకి వస్తుంది. నటుడు నందమూరి తారకరత్న 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో పడిపోయారు, ఫిబ్రవరి 18న బెంగళూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. పడిపోవడం ఆకస్మికమే అయినా, 22 రోజుల చికిత్స మధ్యలో ఉంది కాబట్టి వైద్యశాస్త్రం లెక్కలో అది ఆకస్మిక మరణం కాదు. ఈ తేడా ఎందుకంటే, ఆసుపత్రిలో అన్ని రోజులు ఉన్న మనిషికి ఏం జరిగిందో డాక్టర్ల దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది. ఇంట్లో గంటలో పోయినవాడి సంగతి ఎవరి దగ్గరా ఉండదు.

ఆకస్మిక మరణాల్లో ఎక్కువ భాగం సహజమైనవే, అంటే జబ్బు వల్ల వచ్చినవే. అయినా అవి పోలీసు, ఫోరెన్సిక్ డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్తాయంటే, పైనుంచి చూసి సహజమో కాదో చెప్పలేరు కనుక. ఇందుకు మన తెలుగువాళ్లందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. 2019 మార్చి 15 ఉదయం మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి పులివెందులలో తన ఇంట్లో చనిపోయి కనబడ్డారు. మొదట టీవీల్లో వచ్చింది గుండెపోటు అనే. శవపరీక్ష జరిగాక అది హత్య కేసు అయింది. 2020లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దర్యాప్తును సీబీఐకి ఇచ్చింది, 2022లో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాద్‌కు మార్చింది. ఎవరు చేశారన్నది కోర్టు తేల్చవలసిన విషయం, దాని జోలికి మేము పోము. పేరున్న ఇంట్లోనే కొన్ని గంటల పాటు "గుండెపోటు" అనే మాట చెలామణీ అయిందంటే, మన చాళ్ల సంగతి చెప్పేదేముంది!

గుండె ఆగడం కారణం కాదు

ప్రతి మనిషికీ చివరికి గుండె ఆగుతుంది, ఊపిరి ఆగుతుంది. పాము కరిచినా, లారీ గుద్దినా, ముసలితనంతో పోయినా అంతే. కాబట్టి "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని రాసిన కాగితంలో ఏ కారణమూ రాయనట్టే. ఆసుపత్రిలో పోయినవారికి ఫారం 4, ఇంట్లో పోయినవారికి ఫారం 4ఎ ఉంటాయి. వాటిలో డాక్టరు మెట్లు మెట్లుగా రాయాలి: చివరికి ఏం జరిగింది, అది దేనివల్ల, దానికి మూలం ఏది. ఉదాహరణకు మెదడులో రక్తస్రావం, అది అధిక రక్తపోటు వల్ల. ఆ అట్టడుగు గీత మీద రాసినదే అసలు కారణం. మీ చేతికి ఫారం వస్తే ఆ గీత ఖాళీగా ఉందేమో చూడండి.

ఫారం 4ఎ రాయవలసింది చివరి జబ్బులో ఆ మనిషికి చికిత్స చేసిన డాక్టరు. గల్లీ చివర దవాఖానా ఉంది కదా అని, ఎన్నడూ చూడని మనిషికి రాసిమ్మని ఆయన్ను బతిమాలడం సరికాదు. రాసిచ్చినా అది నిలవదు. ఎనభై ఏళ్ల పెద్దామె, పదేళ్లుగా గుండె జబ్బు, పోయిన వారం కూడా డాక్టరు చూశాడు, అలాంటప్పుడు ఆయన సంతకంతో పని జరుగుతుంది, పోలీసు అక్కరలేదు. నలభై ఏళ్ల మనిషి, ఏ మందూ వాడనివాడు, పొద్దున లేవకపోతే మాత్రం దారి వేరు.

లోపల ఏం జరుగుతుంది

హైదరాబాద్‌లో ఫోరెన్సిక్ ప్రొఫెసరుగా చేసిన డాక్టర్ కె.ఎస్. నారాయణరెడ్డి రాసిన పాఠ్యపుస్తకాన్ని దేశమంతటా వైద్య విద్యార్థులు చదువుతారు. అలాంటి పుస్తకాలు ఇచ్చే లెక్క ఇలా ఉంటుంది. ఆకస్మిక సహజ మరణాల్లో 45 నుంచి 50 శాతం గుండె, రక్తనాళాలవి. 15 నుంచి 23 శాతం ఊపిరితిత్తులవి. 10 నుంచి 18 శాతం మెదడు, నరాలవి. కడుపు, పేగులు, కాలేయం 6 నుంచి 8 శాతం. మిగిలినవి మూత్రపిండాలు, గర్భసంచి, ఇతరాలు. అంటే కళ్లు మూసుకుని "హార్ట్ ఎటాక్" అంటే రెండింట ఒకసారి తప్పు చెబుతున్నట్టు.

గుండె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎక్కువగా కనిపించేది గుండెకు రక్తం తెచ్చే కొరోనరీ నాళాల్లో కొవ్వు పేరుకుని దారి మూసుకుపోవడం. మన దేశంలో ఇది పాశ్చాత్య దేశాలకన్నా దాదాపు పదేళ్లు ముందుగా వస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. గుండెపోటుతో మనిషి అరగంటలో పోతే గుండె కండరం మీద మచ్చ కంటికి కనబడదు. ఆ మార్పు కనబడాలంటే మనిషి సుమారు 12 గంటలైనా బతికి ఉండాలి. అందుకని డాక్టరు నాళాలను కొద్దికొద్దిగా అడ్డంగా కోసుకుంటూ పోయి, లోపలి దారి ముప్పాతికకు మించి మూసుకుందా, కొత్తగా రక్తపు గడ్డ ఉందా చూస్తాడు. గుండె బరువు తూస్తాడు. ఏళ్ల తరబడి బీపీకి మందు వేసుకోనివాడి గుండె ఉబ్బి బరువెక్కి ఉంటుంది. మన సాంచాల వాళ్లలో బీపీ మాత్ర "అలవాటవుతది" అని మానేసేవాళ్లు ఎందరున్నారో మీకే తెలుసు.

చిన్న వయసులో పోయినవారిలో ఇంకొకటి వెతకాలి. కొందరికి ఏ బీపీ లేకుండానే గుండె గోడలు దళసరి అవుతాయి. ఇది సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా, వంశంలో వస్తుంది. తండ్రికో తల్లికో ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగానికి సగం అవకాశం. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతర దేశాలవారితో కలిసి 2009లో ఒక సంగతి కనిపెట్టారు. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాల ముక్క లేకపోవడం మన ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉంది, వారికి వయసు పెరిగేకొద్దీ గుండె కండరం బలహీనపడే ముప్పు ఎక్కువ. ఉన్న ప్రతివారూ పోతారని కాదు. కానీ ముప్పై అయిదేళ్ల అన్న పోయినప్పుడు శవపరీక్షలో గుండె కండరం జబ్బు అని తేలితే, తమ్ముళ్లు, చెల్లెళ్లు, పిల్లలు ఈసీజీ, ఎకో తీయించుకుంటారు. తేలకపోతే ఎవరూ తీయించుకోరు. శవపరీక్ష పోయినవాడికోసమని మనవాళ్లు అనుకుంటారు, నిజానికి దాని అవసరం ఎక్కువ ఉన్నది బతికున్న తోబుట్టువులకు.

గుండె వైపే మరి రెండు: కాలి సిరల్లో కట్టిన గడ్డ ఊడి ఊపిరితిత్తికి చేరడం, బృహద్ధమని గోడ చీలడం. మొదటిది కాలికి ప్లాస్టరు వేసుకుని వారాలు కదలకుండా ఉన్నవారిలో, పెద్ద ఆపరేషన్ అయినవారిలో, బాలింతల్లో చూస్తారు.

మెదడు విషయంలో బీపీ వల్ల నాళం చిట్లడం ఒకటి, పుట్టుకతో బలహీనమైన నాళం బుడగలా ఉబ్బి పగలడం ఒకటి. రెండో దానిలో మనిషి "తల పగిలిపోతోంది" అని పట్టుకుని కూలుతాడు. మూర్ఛ ఉన్నవారు నిద్రలోనే పోవడం ఉంది, మాత్రలు మధ్యలో మానేసినవారిలో మరీ ఎక్కువ. ఊపిరితిత్తుల్లో ఉబ్బసం, పాత టీబీ పుండు చిట్లి రక్తం కక్కుకోవడం. తాగేవారిలో అన్నవాహిక అడుగున ఉబ్బిన సిరలు పగలడం. పిల్లల్ని కనే వయసు ఆడవారిలో, గర్భసంచి బయట నాళంలో పిండం పెరిగి అది చిట్లడం. ఆమె గర్భవతి అని ఆమెకే తెలిసి ఉండకపోవచ్చు, కడుపునొప్పి అని పడుకుని తెల్లవారేలోగా పోతుంది. భోజనం చేస్తూ ముద్ద గొంతులో అడ్డుపడి పోవడాన్ని కూడా చూసినవాళ్లు గుండెపోటే అనుకుంటారు.

అన్నీ చూసినా ఏమీ దొరకని సందర్భాలు నూటికి రెండు నుంచి అయిదు ఉంటాయి. గుండె లయ తప్పించే కొన్ని వంశపారంపర్య జబ్బులు శరీరంలో ఏ గుర్తూ వదలవు. అలాంటప్పుడు "కారణం తేలలేదు" అని రాయడమే నిజాయితీ. ఆ మాట రాశాడని డాక్టరును తిట్టుకోకూడదు.

కోవిడ్ టీకా వల్లనే కుర్రవాళ్లు పోతున్నారన్న వాట్సాప్ మాట మన గ్రూపుల్లో ఇంకా తిరుగుతోంది. భారత వైద్య పరిశోధన మండలి దేశంలో 47 ఆసుపత్రుల నుంచి, 18 నుంచి 45 ఏళ్ల మధ్య కారణం తెలియకుండా పోయిన 729 మంది వివరాలు తీసుకుని, బతికున్న అదే వయసువారితో పోల్చి 2023 నవంబరులో ఫలితం ప్రచురించింది. టీకా ముప్పు పెంచలేదు. ముప్పు పెంచినవి కోవిడ్‌తో ఆసుపత్రిలో పడటం, కుటుంబంలో ఇంతకుముందు ఆకస్మిక మరణం ఉండటం, పోవడానికి ముందు 48 గంటల్లో అతిగా తాగడం, మత్తు పదార్థాలు, ఒళ్లు విరిచే శ్రమ. ఇందులో "కుటుంబంలో ఇంతకుముందు" అన్నమాట మళ్లీ చదవండి.

జబ్బులా కనిపించి జబ్బు కానివి

సాంచాల షెడ్డులో ముందు అనుమానించవలసింది కరెంటు. ఇంటి కరెంటు 230 వోల్టులు, మోటార్లకు వచ్చే త్రీఫేజ్ 415 వోల్టులు. పొడి చర్మం మీద కరెంటు తగిలినచోట చిన్న కాలిన గుర్తు పడుతుంది. చెమటతో, నీళ్లతో తడిసిన చర్మం మీద ఏ గుర్తూ పడకుండానే గుండె లయ తప్పి మనిషి కూలవచ్చు. చూసినవాళ్లు "నిలబడి నిలబడి పడిపోయిండు" అంటారు. శరీరం మీద ఏమీ కనబడనప్పుడు స్థలమే సాక్ష్యం: ఏ తీగ తెగి ఉంది, మోటారు బాడీకి కరెంటు వస్తోందా, కాళ్ల కింద నీళ్లున్నాయా. మెయిన్ ఆపాలి, ప్రాణం ఉందేమో చూడాలి, ఆసుపత్రికి తీసుకుపోవాలి, అందులో సందేహం లేదు. కానీ పోలీసు వచ్చేలోగా తీగ మార్చి, నేల కడిగి పెడితే ఆ మరణం శాశ్వతంగా హార్ట్ ఎటాక్ అయిపోతుంది. వీలైతే ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసి పెట్టండి.

స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఇంకొకటి. కిటికీ లేని చిన్న గదిలో గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసన ఉండదు. చలికాలంలో తలుపు మూసి స్నానానికి పోయినవారు బయటికి రారు. ఈ మరణంలో శవం మీద మచ్చలు మామూలు ఊదా రంగులో కాక ఎర్రగా ఉంటాయి, అనుభవం ఉన్న డాక్టరు రంగు చూసి పట్టుకుంటాడు.

తలకు దెబ్బ. తాగి మెట్ల మీద పడ్డాడు, లేచి ఇంటికి వచ్చాడు, పడుకున్నాడు, గురక పెట్టాడు. ఇంట్లోవాళ్లు మత్తు అనుకుంటారు. లోపల పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరుతూ ఉంటుంది. పెద్దవారిలో, ఏళ్లుగా తాగేవారిలో దెబ్బ తగిలిన కొన్ని రోజులకు కూడా ఇలా జరుగుతుంది, పడిన సంగతే మరిచిపోతారు.

కట్లపాము. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి ఉండదు, వాపు ఉండదు, కోరల గుర్తు సూది మొన అంత. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, తర్వాత ఊపిరి ఆడకపోవడం. ఖాడీ ఒడ్డున, గడ్డి పెరిగిన ప్లాట్ల పక్కన ఇళ్లున్నవారు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఎండదెబ్బ సంగతి 2023 ఏప్రిల్ 16న మన పక్కనే ఖార్ఘర్‌లో చూశాం, మహారాష్ట్ర భూషణ్ సభ ఎండలో 14 మంది పోయారు. రేకుల షెడ్డులో మే నెల పాళీ దానికి తక్కువేం కాదు. ఎండదెబ్బకు శవపరీక్షలో ప్రత్యేకమైన గుర్తంటూ ఉండదు, ఒళ్లు ఎంత వేడిగా ఉండింది, ముందు ఏం మాట్లాడాడు అన్న సాక్ష్యం మీదే నిర్ణయం.

మచ్చలు, నురగ, చేతబడి

ప్రాణం పోయాక రక్తం కదలక శరీరం కింది వైపు చేరుతుంది. అరగంట, గంటలో వీపు మీద, తొడల వెనక ఊదా రంగు మచ్చలు మొదలై ఆరేడు గంటలకు బాగా కనబడతాయి. నేలకు ఆనిన భుజాలు, పిరుదుల దగ్గర మాత్రం తెల్లగా ఉంటుంది. స్నానం చేయించేటప్పుడు ఆ రంగు చూసి "విషం ఎక్కింది" అంటారు, తెల్లని చోట చూసి "ఎవరో అదిమిపట్టారు" అంటారు. రెండూ కావు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి నోట్లో నురగ రావడం గుండె జబ్బులోనూ ఉంది, మూర్ఛలోనూ ఉంది, విషంలోనూ ఉంది. దవడ బిగియడం, తర్వాత ఒళ్లంతా కట్టెలా అవడం ప్రతి శవానికీ జరిగేదే.

ఈ నాలుగు మాటలు తెలియక మన ఇళ్లలో ఎన్ని తగాదాలు! పక్కింటివాడు చేతబడి చేశాడని ఒక ఇంట్లో, కోడలు అన్నంలో ఏదో కలిపిందని ఇంకో ఇంట్లో. ముప్పై ఏళ్లు నిండని ఆడపిల్ల మొగుణ్ణి పోగొట్టుకున్న వారానికే ఆ నింద మోయవలసి వస్తే, దహనం అయిపోయాక ఆమె దాన్ని దేనితో కడుక్కుంటుంది? మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం: అనుమానం ఉన్నా శవపరీక్ష కావాలి, అనుమానం లేదని లోకానికి చూపాలన్నా శవపరీక్షే కావాలి.

పోలీసు, పంచనామా, శవపరీక్ష

మహారాష్ట్ర పోలీసులు ఇలాంటి మరణాన్ని "అకస్మాత్ మృత్యూ" రిజిస్టరులో రాస్తారు. అది ఎఫ్ఐఆర్ కాదు, ఎవరి మీదా కేసు కాదు. మన కాశేలి, కాల్హేర్ వైపు నార్పోలి పోలీస్ స్టేషన్ కిందికి వస్తుంది. చట్టం ఇంతకుముందు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194వ సెక్షన్. ముంబై నగరంలో ఒకప్పుడు దీనికి కొరోనర్ కోర్టు ఉండేది, 1999లో పోయింది. ఇప్పుడు పోలీసు, మేజిస్ట్రేటే.

ఇరుగుపొరుగువారిలో ఇద్దరు, లేదా అంతకన్నా ఎక్కువమంది పంచుల ముందు పోలీసు శవాన్ని చూసి పంచనామా రాస్తాడు. పంచుగా నిలబడమంటే మనవాళ్లు తలుపు వేసుకుంటారు, కోర్టుల చుట్టూ తిరగాలేమోనని. దయచేసి నిలబడండి. మీకు తెలిసిన మనిషి గురించి తెలియనివాడు సంతకం పెట్టడం కన్నా అది మేలు. పంచనామా మరాఠీలో ఉంటుంది, చదివి వినిపించమని అడిగి, చెప్పినట్టు రాశారా చూసి సంతకం పెట్టండి. "నైట్ పాళీలో సాంచా దగ్గర పడిపోయాడు" అన్నది "ఇంటి దగ్గర పడిపోయాడు" అని మారితే ఆ ఒక్క మాటతో పరిహారం పోతుంది.

ఇక్కడే మనవాళ్లు ఒక పని చేస్తారు. "మాకు ఎవరి మీదా అనుమానం లేదు" అని రాసిచ్చి, దానితోపాటు శవపరీక్ష వద్దని బతిమాలుతారు. ఇవి రెండు వేర్వేరు సంగతులు. అనుమానం లేదని రాయండి, కారణం తెలియదు కాబట్టి శవపరీక్ష చేయించమని కూడా రాయండి. కారణం మీద సందేహం ఉంటే పోలీసు ఎలాగూ పంపాలి, ఇంటివారి ఒప్పుదలతో పని లేదు. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడవారు పోతే చట్టం ఇంకా గట్టిగా ఉంటుంది. అత్తింటివారు దాన్ని అవమానంగా తీసుకోనక్కరలేదు.

శవపరీక్ష మామూలుగా భివండీ ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రిలో జరుగుతుంది. ఠాణేకు తీసుకుపోతే అక్కడి ఆసుపత్రి, కాగితాలు తర్వాత నార్పోలికి వస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో దీనికి డబ్బు కట్టనక్కరలేదు. గడ్డం కింది నుంచి పొట్ట కిందివరకు ఒక కోత, తల మీద వెనకవైపు చెవి నుంచి చెవికి ఒక కోత. అన్నీ చూశాక కుట్టేస్తారు, బట్ట కప్పితే ముఖం ఎప్పటిలాగే కనబడుతుంది. స్నానం, పసుపు, పాడె, అన్నీ యథావిధిగా చేసుకోవచ్చు. "సూర్యాస్తమయం అయింది, రేపు రండి" అనే మాటకూ ఇప్పుడు సడలింపు ఉంది. వెలుతురు, వసతి ఉన్న ఆసుపత్రుల్లో రాత్రి కూడా చేయవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2021 నవంబరులో చెప్పింది. హత్య, ఆత్మహత్య, అత్యాచారం వంటి అనుమానం ఉన్నవి మాత్రం దీనిలోకి రావు.

ఊరికి, అంటే కరీంనగర్‌కో వరంగల్‌కో తీసుకుపోవాలనుకునేవారు శవపరీక్ష ఇక్కడే ముగించుకుని బయల్దేరండి. అన్ని వందల కిలోమీటర్లు పోయాక అక్కడి పోలీసుకు ఇక్కడి స్థలం కనబడదు.

ఇంట్లో ఉన్నవి దాచిపెట్టి చూపించవలసినవి: మాత్రల పట్టీలు, పాత చీటీలు, ఈసీజీ కాగితాలు, వాంతి పడిన గుడ్డ, తాగిన సీసా. ఇవి పారేసి ఇల్లు కడగడం మన అలవాటు. ఒక్కపూట ఆగండి.

డబ్బు సంగతి

ప్రధానమంత్రి బీమాలు రెండున్నాయి, బ్యాంకు ఖాతా ఉన్న చాలామందికి ఉన్నాయి, ఏది ఏదో తెలియదు. జీవన్ జ్యోతి ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. కొత్తగా చేరితే మొదటి 30 రోజులు ప్రమాదానికి తప్ప వర్తించదు. సురక్షా బీమా 20 రూపాయలు, ప్రమాదంలో పోతేనే 2 లక్షలు, గుండెపోటుకు రాదు. కరెంటు తగిలి పోయిన మనిషికి "హార్ట్ ఎటాక్" అని రాయిస్తే రెండోది అక్కడికక్కడే పోయినట్టు. జీవిత బీమా పాలసీ మూడేళ్లు నిండకముందు పోతే కంపెనీ జబ్బు దాచారేమోనని విచారణ చేస్తుంది, అప్పుడు కారణం రాసిన కాగితమే అడుగుతుంది.

పనిలో పోయినవారి పరిహారానికి 1923 నుంచీ ఉన్న సూత్రం ఒక్కటే: మరణం పనిలో ఉండగా జరగాలి, పని వల్ల కూడా జరగాలి. మొదటిది చూపడం సులువు, రెండోదే కష్టం. ఒక లారీ క్లీనరు గుండె ఆగి పోయిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: డ్యూటీలో పోయాడన్నది చాలదు, పని ఒత్తిడికీ మరణానికీ సంబంధం ఉందని సాక్ష్యం కావాలి. వరసగా ఎన్ని పాళీలు చేశాడు, ఎన్ని సాంచాలు చూశాడు, ముందు ఛాతీ నొప్పి అని ఎవరికి చెప్పాడు, ఇవన్నీ తోటి పనివాళ్లు పంచనామా రోజే చెప్పి రాయించాలి.

మరణం నమోదు 21 రోజుల్లో చేయించాలి, మొదటి నకలు ఉచితం. ఎక్కడ పోతే అక్కడే నమోదు: కాశేలి ఇంట్లో అయితే గ్రామపంచాయతీ, భివండీ నగరంలో అయితే అక్కడి మహానగరపాలిక, ఠాణే ఆసుపత్రిలో అయితే ఠాణేలో. ఊరికి తీసుకుపోయి అక్కడ రాయిస్తామంటే కుదరదు.

శవపరీక్ష అయిన రోజు తుది మాట రాకపోవచ్చు. "అభిప్రాయం నిలిపి ఉంచాం" అని రాస్తారు, కడుపు, కాలేయం, మూత్రపిండం ముక్కలు చిక్కటి ఉప్పునీటిలో పెట్టి ముంబై కలీనాలోని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపుతారు, గుండె ముక్క సూక్ష్మదర్శిని పరీక్షకు వేరే పోతుంది. ఆ రిపోర్టులు వచ్చాక స్టేషనువాళ్లు వాటిని డాక్టరుకు చూపి తుది అభిప్రాయం తీసుకోవాలి. దినాలు అయిపోయాక ఎవరూ అడగకపోతే ఆ ఫైలు అక్కడే పడి ఉంటుంది. శవాన్ని తీసుకునే రోజే అకస్మాత్ మృత్యూ నంబరు, తేదీ, చూసే హవల్దారు పేరు ఒక కాగితం మీద రాసుకోండి. నెలకొకసారి పోయి ఆ నంబరు చెప్పి అడగండి, దరఖాస్తు ఇస్తే రెండో నకలు మీద ముద్ర వేయించుకుని దగ్గర ఉంచుకోండి. మరాఠీలో దరఖాస్తు రాయడం రానివారు ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకు రండి, మేము రాసి పెడతాం. నంబరు మాత్రం మీరు తేవాలి.